పద్దెనిమిదేళ్లు నిండితే తలుపు మూయాలా?



పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో ధరూరు మండలం నుండి ఒక తల్లి తన కూతురిని వెంటబెట్టుకుని మన ఆసుపత్రికి వచ్చింది. మూర్ఛ మందులు మళ్లీ రాయించుకోవడం వారి పని. అమ్మాయికి పదిహేడేళ్లు. పుట్టినప్పుడు వెంటనే ఏడవలేదు. నడక, మాట ఆలస్యంగా వచ్చాయి. ఊరి బడిలోనే అందరితో పాటు కూర్చుని పదో తరగతి దాకా వచ్చింది. పరీక్షలో రెండు సబ్జెక్టులు పాసైంది, మిగతావి పోయాయి. ఆదివారం నాడు గుడి వాకిట్లో నిలబడి వచ్చిన వారందరికీ పాటల పుస్తకాలు అందించేది ఆ అమ్మాయే. ఎవరికి కళ్లజోడు ఉంది, ఎవరికి పెద్ద అక్షరాల పుస్తకం ఇవ్వాలి అన్నది ఆమెకు తెలిసినట్టు మన సంఘ పెద్దలకు కూడా తెలియదు.

ఆ రోజు ఆమె భుజానికి ఒక కొత్త సంచి ఉంది. ఏమిటమ్మా అది అని అడిగాను. తల్లి తల దించుకుంది. "మా బావగారి కూతురు గద్వాలలో ఇంటర్లో చేరిందమ్మా. ఇది గూడ అక్కతో కాలేజీకి పోతా అని సంచి కొనిపిచ్చుకునింది. పొద్దున్నే లేసి తల దువ్వుకోని బస్సు కాడికి పోయి నిలబడతది. దీనికి నేనేం జెప్పాల?"

నా దగ్గర జవాబు లేదు. మూడు నెలలకు మందులు రాసి పంపించాను. చీటీ రాయడం సులువు, ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. ఆనాటి నుండి మనసులో మెదులుతున్న మాటలను ఈ పత్రిక ద్వారా మీ ముందు ఉంచుతున్నాను. మీలో కొందరికి ఇది వింతగా తోచవచ్చు. బుద్ధిమాంద్యత గల పిల్లలకు కూడా కళాశాల తలుపు తెరవాలి అన్నదే నా అభిప్రాయం. చదివి, ఆలోచించి, ఒప్పుకోకపోతే ఒప్పుకోవద్దు. కానీ పూర్తిగా చదవండి.

ముందుగా ఒక అపోహ

మన ఊళ్లలో పిచ్చి, బుద్ధిమాంద్యత రెండూ ఒకటే అనుకుంటారు. కాదు. మానసిక జబ్బు ఏ వయసులోనైనా రావచ్చు, మందులతో తగ్గవచ్చు. బుద్ధిమాంద్యత జబ్బు కాదు. పుట్టుకతోనో, చిన్నతనంలోనో మెదడు ఎదుగుదల కుంటుపడటం వల్ల నేర్చుకోవడం నెమ్మదిగా సాగే స్థితి అది. కాన్పు సమయంలో బిడ్డకు ప్రాణవాయువు అందకపోవడం, మెదడువాపు జ్వరం, డౌన్ సిండ్రోమ్ వంటి జన్యు కారణాలు, పుట్టిన బిడ్డలో థైరాయిడ్ లోపాన్ని గుర్తించకపోవడం, గర్భిణికి అయోడిన్ చాలకపోవడం వంటివి దీనికి దారి తీస్తాయి. కొందరిలో ఎంత వెతికినా కారణం దొరకదు. తల్లి చేసిన పాపమో, గ్రహణం మొర్రి వంటి నమ్మకాలో దీనికి కారణం కాదు.

ఇంకొక మాట. బుద్ధిమాంద్యత గల వారిలో ఎక్కువమంది స్వల్ప స్థాయికి చెందినవారే. వీరు నెమ్మదిగానైనా చదవడం, రాయడం, డబ్బు లెక్క, బస్సు ప్రయాణం, ఒక పని నేర్చుకుంటారు. నేర్చుకునే శక్తి పద్దెనిమిదో పుట్టినరోజు నాడు ఆగిపోదు. చాలామంది ఇరవై దాటాక కూడా నేర్చుకుంటూనే ఉంటారు. మిగతా పిల్లలు పదేళ్లకు నేర్చిన దానిని వీరు పద్దెనిమిదికి నేర్చుకుంటే, మనం సరిగ్గా అదే సమయానికి చదువు ఆపేస్తున్నాము. విత్తనం మొలకెత్తే వేళకు నీళ్లు కట్టేసినట్టు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులున్నారు. వారిలో 15 లక్షల మందికి పైగా బుద్ధిమాంద్యత గలవారు. ఇది లెక్కలోకి వచ్చిన సంఖ్య. ఇంట్లో దాచిపెట్టిన వారి సంగతి ఇల్లు ఇల్లు తిరిగే మన ఆరోగ్య కార్యకర్తలకు తెలుసు.

చట్టంలో ఉన్నది, ఊళ్లో లేనిది

చట్టాల విషయంలో మన దేశం వెనుకబడి లేదు. 1995లో వికలాంగుల చట్టం వచ్చింది. 1999లో ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యత, బహుళ వైకల్యం గల వారి కోసం నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. 2016లో చేసిన దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం నలభై శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 ఏళ్ల నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థలలో కనీసం 5 శాతం సీట్లు వికలాంగులకు కేటాయించాలి. చేరే వయసులో 5 ఏళ్ల సడలింపు ఇవ్వాలి. 1995 చట్టంలో ఇది 3 శాతమే. 5 శాతం నియమాన్ని విద్యాసంస్థలన్నీ పాటించి తీరాలని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో స్పష్టంగా చెప్పింది కూడా.

ఆ 5 శాతంలో బుద్ధిమాంద్యత గల వారిని చట్టం మినహాయించలేదు. మరి వారు కళాశాలలో ఎందుకు కనబడరు? సీటుకు ముందు ఇంటర్ పాస్ కావాలి. ఇంటర్‌కు ముందు పదో తరగతి పాస్ కావాలి. మెట్లన్నీ ఒకే ఎత్తులో కట్టి, పైన గదిలో మీకు కుర్చీ వేశాం రండి అని పిలిచినట్టుంది ఇది. చూపు లేని విద్యార్థికి రాతసహాయకుడిని ఇస్తే మెట్టు ఎక్కుతాడు. నడవలేని విద్యార్థికి వాలుబాట కడితే ఎక్కుతాడు. నెమ్మదిగా నేర్చుకునే విద్యార్థికి కావలసినది వేరే రకం మెట్టు. దాని గురించి ఎవరూ ఆలోచించలేదు.

మన సికింద్రాబాదు బోయినపల్లిలో 1984లోనే కేంద్ర ప్రభుత్వం బుద్ధిమాంద్యత గల వారి కోసం జాతీయ సంస్థను నెలకొల్పింది. దేశమంతటికీ ప్రత్యేక ఉపాధ్యాయులను తయారు చేస్తున్న సంస్థ అది. తెలుగువారికి గర్వకారణం. బడి వయసు పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అంటే వీరికి బోధించే వారిని తయారు చేసే కోర్సులు మన దగ్గర ఉన్నాయి, వీరి కోసం చిన్ననాటి కేంద్రాలు ఉన్నాయి. ఆ పిల్లలు పెద్దయ్యాక తోటి వయసు వారితో కూర్చుని చదివే చోటు మాత్రం మన నడిగడ్డలో నాకు కనబడలేదు.

ఆసుపత్రి బల్ల మీద నుండి కనిపించేది

ఇది చదువుల విషయం గదా, ఆరోగ్య పత్రికలో ఎందుకు అని అడగవచ్చు. బడి ఆగిపోయిన రెండు మూడేళ్లకు ఈ పిల్లలు ఏ స్థితిలో ఆసుపత్రికి వస్తారో చెబుతాను.

మొదట బరువు పెరుగుతుంది. బడికి నడిచి వెళ్లి, ఆడుకుని వచ్చిన మనిషి పొద్దంతా మంచం మీద, టీవీ ముందు. తరువాత మలబద్ధకం, ఆడపిల్లల్లో నెలసరి సరిగా రాకపోవడం, డౌన్ సిండ్రోమ్ ఉంటే థైరాయిడ్ తగ్గడం. రోజుకు ఒక పద్ధతి లేకపోవడంతో మూర్ఛ మాత్రలు తప్పిపోతాయి, ఆగిపోయిన ఫిట్స్ మళ్లీ మొదలవుతాయి. నేర్చిన అక్షరాలు మరచిపోతారు. ఆ తరువాత మౌనం. పాటలు పాడిన పిల్ల పలకరిస్తే తల తిప్పుకుంటుంది. చిన్న విషయానికి కేకలు వేస్తుంది, చెయ్యి కొరుక్కుంటుంది. అప్పుడు "పిచ్చి ముదిరింది" అని తీసుకొస్తారు. పరీక్షించి చూస్తే చాలాసార్లు తేలేది దిగులు. పలకరించే మనిషి లేని దిగులు.

ఇంకొక సంగతి చెప్పడానికి మనసు రావడం లేదు గాని చెప్పాలి. ఇంట్లో వారందరూ చేనికి పోయాక ఒంటరిగా మిగిలిన బుద్ధిమాంద్యత గల ఆడపిల్లలు, మగపిల్లలు కూడా, చెడ్డవారి చేతికి సులువుగా చిక్కుతారు. కాలేజీకి పంపితే భద్రత ఉండదని భయపడే తల్లిదండ్రులు ఇంటి దగ్గర ఉన్న ప్రమాదాన్ని చూడడం లేదు. పదిమంది కళ్ల ముందు ఉన్న పిల్ల, తన పేరు తెలిసిన పదిమంది స్నేహితులున్న పిల్ల, తలుపు వేసిన ఇంట్లో ఉన్న పిల్లకంటే క్షేమంగా ఉంటుంది.

తల్లి ఆరోగ్యం సంగతి కూడా మరువరాదు. బిడ్డను కనిపెట్టుకుని ఉండటానికి కూలి మానుకున్న తల్లులు మన దగ్గరకు బి.పి.తో, నడుము నొప్పితో, నిద్ర పట్టక వస్తారు. "నా తర్వాత దీన్ని ఎవరు చూస్తారమ్మా" అన్న ఒక్క ప్రశ్నే ఆ నొప్పులన్నిటికీ వేరు. మాత్రలతో ఆ వేరు తెగదు.

వేరే చోట్ల ఏం చేశారు

ఇది జరిగే పనేనా? జరిగింది. కెనడా దేశంలోని ఎడ్మంటన్ పట్టణంలో అల్బర్టా విశ్వవిద్యాలయం 1987లోనే ఇందుకు తలుపు తెరిచింది. బుద్ధిమాంద్యత గల యువతీయువకులు మామూలు తరగతుల్లోనే కూర్చుంటారు. అదే పాఠం వింటారు. ఇంటి పని మాత్రం వారి శక్తికి తగినట్టు మార్చి ఇస్తారు. మిగతా వారు పది పేజీల వ్యాసం రాస్తే వీరు అదే విషయం మీద బొమ్మలతో ఒక పుటం తయారు చేయవచ్చు, నోటితో చెప్పవచ్చు. ఇందులో మామూలు డిగ్రీ రాదు. దానికి బదులు చదువు, స్నేహితులు, క్యాంటీను, గ్రంథాలయం, సెలవుల్లో పని అనుభవం దొరుకుతాయి. ఈ పద్ధతి అక్కడి నుండి కెనడాలోని ఇతర కళాశాలలకు పాకింది.

అమెరికాలో 2008లో చేసిన ఉన్నత విద్యా చట్టం ప్రకారం, ఆమోదం పొందిన ఇటువంటి కోర్సుల్లో చేరే బుద్ధిమాంద్యత గల విద్యార్థులకు, మామూలు పట్టా కోసం చదవకపోయినా, ప్రభుత్వ ఆర్థిక సహాయం అందుతుంది. నేడు ఆ దేశంలో 300కు పైగా కళాశాలల్లో ఇటువంటి ఏర్పాట్లు ఉన్నాయి. మన సంఘాల నుండి వెళ్లి అక్కడ స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారిలో ఇటువంటి బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు అక్కడ కళాశాల గురించి అడిగే వీలుంది. ఇక్కడ ఉన్న తల్లిదండ్రులకు ఆ ప్రశ్న వేయడానికే సిగ్గు.

స్పెయిన్ దేశస్థుడు పాబ్లో పినేడా డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవాడు. మామూలు బడిలో, తరువాత మాలగా విశ్వవిద్యాలయంలో చదివి పట్టా పుచ్చుకున్నాడు. ఐరోపాలో డౌన్ సిండ్రోమ్ ఉండి విశ్వవిద్యాలయ పట్టా పొందిన మొదటి వ్యక్తిగా అతనిని చెబుతారు. ప్రతి బిడ్డా పినేడా కాలేడు, నిజమే. మామూలు బిడ్డలందరూ కలెక్టర్లు అవుతున్నారా? అయినా వారిని చదివిస్తూనే ఉన్నాము గదా.

మన గద్వాలలో ఎలా చేయవచ్చు

కోట్లతో పని లేదు. గద్వాలలో సంస్థానాన్ని ఏలిన మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరిట ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. 2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. వనపర్తి, నాగర్‌కర్నూలులో కూడా ప్రభుత్వ కళాశాలలున్నాయి. ఒక్కొక్క చోట అయిదుగురు విద్యార్థులతో మొదలు పెడితే చాలు.

నా ఆలోచన ఇది. వారానికి మూడు రోజులు కళాశాలకు రావాలి. తెలుగు, చరిత్ర వంటి తరగతులలో మిగతా వారితో కలిసి కూర్చోవాలి. కంప్యూటరు గదిలో టైపు చేయడం నేర్చుకోవాలి. ఆటస్థలంలో ఆడాలి. ఎన్.ఎస్.ఎస్. వారు చెట్లు నాటితే వీరూ నాటాలి. రోజుకు ఒక గంట వీరికి ప్రత్యేకంగా డబ్బు లెక్క, ఏ.టి.ఎం., ఫోను, బస్సు వేళలు, తన ఒంటి ఆరోగ్యం, మంచి స్పర్శ చెడు స్పర్శ నేర్పాలి. ఒక్కొక్కరికి ఇద్దరు తోటి విద్యార్థులు తోడుగా ఉండాలి. మూడో సంవత్సరం ఊళ్లోనే ఒక చోట పని నేర్పాలి: మందుల దుకాణంలో సర్దడం, గ్రంథాలయం, నర్సరీ, హోటలు, మగ్గం పని. చివరికి వారు ఏమి నేర్చుకున్నారో ఒక్కొక్కటిగా రాసిన ధ్రువపత్రం ఇవ్వాలి. 2020 జాతీయ విద్యావిధానం కళాశాలలో ఒక ఏడాది చదివిన వారికి సర్టిఫికెట్, రెండేళ్లు చదివితే డిప్లొమా ఇచ్చే మార్గాన్ని చెప్పింది. ఆ ఆలోచననే ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లమని అడుగుతున్నాము.

గద్వాల చీర మీ అందరికీ తెలిసినదే. ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండు రకాల దారాలు గదా అని వేరు వేరుగా నేసి తరువాత సూదితో అతికించరు. మగ్గం మీద ఉండగానే నేతగాడు రెండింటినీ పెనవేస్తాడు. పని ఎక్కువే. ఆ ఓపిక వల్లనే చీరకు పేరు వచ్చింది.

కొన్ని సందేహాలు, నా జవాబులు

"డిగ్రీ రాని చదువు ఎందుకు?" అంటారు. మన పిల్లలు డిగ్రీ కోసం మూడేళ్లు కళాశాలకు పోయి నేర్చుకున్నదంతా పుస్తకంలోనిదేనా? ఒంటరిగా బస్సెక్కడం, నలుగురిలో మాట్లాడటం, స్నేహితుని కోసం నిలబడటం, తప్పు చేసి దిద్దుకోవడం అక్కడే నేర్చుకున్నారు. వీరికి మనం ఇవ్వకుండా ఉన్నది సరిగ్గా అదే.

"చేతిపని నేర్పితే చాలదా?" అంటారు. నేర్పాలి, తప్పక నేర్పాలి. నేను చేతిపనికి వ్యతిరేకిని కాను. కానీ వికలాంగులకు చేతిపని అంటే కొవ్వొత్తులు, కాగితం సంచులు, ఫినాయిలు అని మనం ముందే నిర్ణయించేశాము. ఆ బిడ్డకు ఏమి ఇష్టమో ఎవరైనా అడిగారా? నాలుగు రకాల పనులు, పదిమంది మనుషులు కళ్లబడితేనే ఇష్టం పుడుతుంది.

"మామూలు విద్యార్థుల చదువు పాడవుతుంది" అంటారు. ఒక కళాశాలలో ఈ విషయం అడిగినప్పుడు, ఇది అటువంటి పిల్లల బడి కాదు అని జవాబు వచ్చింది. వారిని నిందించను. వారికి శిక్షణ లేదు, భయం ఉంది. అయితే పది సంవత్సరాలు ఊరి బడిలో కలిసి కూర్చున్న పిల్లలే గదా కళాశాలకు పోయింది? అప్పుడు పాడవని చదువు ఇప్పుడెలా పాడవుతుంది? రేపు నర్సులు, ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు అయ్యే పిల్లలు ఇటువంటి తోటివారితో మెలగడం ఇప్పుడే నేర్చుకుంటే, రేపు వారి బల్ల ముందుకు వచ్చే వికలాంగుడికి మేలు జరుగుతుంది.

అన్నిటికంటే బరువైన ప్రశ్న వేరే ఉంది. "మన జిల్లాలో మామూలు పిల్లలకే చదువు లేదు గదా?" నిజం. 2011 లెక్కల ప్రకారం ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా ప్రాంతంలో అక్షరాస్యత 50 శాతానికి కూడా చేరలేదు. తెలంగాణలో అట్టడుగు స్థానం మనదే. సీడు పత్తి చేలలో క్రాసింగు పనికి బడి మానిపించిన పిల్లలను మనమే చూశాము. వారి చదువు ముందు, వీరి చదువు తరువాత అనడం న్యాయంగానే వినిపిస్తుంది. కానీ "తరువాత" అన్న మాట ఎవరికి చెప్పామో ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. ఒకప్పుడు ఆడపిల్లలకు చెప్పాము. మాల మాదిగ పల్లెలకు చెప్పాము. పాలమూరు ప్రాంతానికి వచ్చిన మెన్నొనైట్ బ్రెథ్రెన్ మిషనరీలు ఆ "తరువాత"ను ఒప్పుకుని ఉంటే, ఈ పత్రిక చదువుతున్న మనలో చాలామందికి అక్షరాలే వచ్చేవి కావు. మన తాతలకు తెరిచిన తలుపును మనం ఇంకొకరి ముందు మూయడం తగదు.

ఒక్క మాట ఒప్పుకుంటాను. కళాశాల అందరికీ తగదు. తీవ్ర స్థాయి బుద్ధిమాంద్యత గల వారికి, తిండి, స్నానం దగ్గర కూడా సహాయం కావలసిన వారికి పగటి సంరక్షణ కేంద్రాలు కావాలి. అది వేరే పోరాటం. అయితే తీవ్ర స్థితిని చూపించి స్వల్ప స్థితి గల వారిని కూడా ఇంట్లో కూర్చోబెట్టడం సరికాదు.

కుటుంబాలు ఇప్పుడే చేయదగినవి

కళాశాల తలుపు తెరిచే దాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. మన ఆసుపత్రికి వచ్చే కుటుంబాలకు నేను చెప్పే మాటలు ఇవి.

వైకల్య ధ్రువపత్రం, యు.డి.ఐ.డి. కార్డు తీసుకోండి. పింఛను కోసం మాత్రమే అనుకోవద్దు. చదువులో, ఉద్యోగంలో, ప్రయాణంలో ఏ హక్కు అడగాలన్నా మొదట అడిగేది ఈ కాగితమే.

పదో తరగతి పోయిందని పుస్తకాలు అమ్మేయకండి. ఓపెన్ స్కూల్ పద్ధతిలో ఒక్కొక్క సబ్జెక్టు రాసుకుంటూ పోవచ్చు. జాతీయ ఓపెన్ స్కూల్‌లో ఒకసారి చేరితే అయిదేళ్ల వ్యవధి ఉంటుంది. ఆ అమ్మాయి ఒక్క సంవత్సరంలో రెండు సబ్జెక్టులు పాసైంది అంటే, తక్కినవి అయిదేళ్లలో పాసు కాలేదని ఎలా అంటాము?

నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా గురించి తెలుసుకోండి. బుద్ధిమాంద్యత గలవారికి సంవత్సరానికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు వర్తించే పథకం అది. చేరడానికి ముందు వైద్య పరీక్ష అవసరం లేదు.

బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండితే చట్టం దృష్టిలో పెద్దమనిషే. తల్లిదండ్రులు వారంతట వారే సంరక్షకులు కారు. అవసరమైతే కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. బిడ్డ స్వయంగా నిర్ణయించుకోగలిగిన వాటిలో మాత్రం ఆ బిడ్డ మాటే సాగనివ్వండి.

మూర్ఛ మాత్రలు ఎవరూ ఆపమనకుండా ఆపవద్దు. రోజూ ఒక పద్ధతి ఉండనివ్వండి: లేవడం, నడక, ఇంటి పనిలో ఒక బాధ్యత, అరగంట చదువు, నిద్ర.

అన్నిటికంటే ముఖ్యం, అడగండి. కళాశాలలో సీట్లు నింపే రోజుల్లో బిడ్డను తీసుకుని వెళ్లి ప్రిన్సిపాలుగారిని మర్యాదగా అడగండి. ఒక్కరు అడిగితే వింత అంటారు. పదిమంది అడిగితే ఫైలు కదులుతుంది. దరఖాస్తు రాయడానికి మన ఆసుపత్రి సహాయపడుతుంది.

సంఘానికి ఒక మనవి

మార్కు సువార్త రెండో అధ్యాయంలో పక్షవాయువు గల మనిషిని మోసుకొచ్చిన నలుగురి కథ మనకు కొత్త కాదు. ఆ కథ మీద ఎన్ని ప్రసంగాలు విన్నామో. వాకిట జనం నిండి లోపలికి దారి లేకపోతే ఆ నలుగురు వెనక్కి పోలేదు, ఇంటి కప్పు విప్పారు. నేను ఆ కథ చదివినప్పుడల్లా వాకిట నిలబడిన జనం గురించి ఆలోచిస్తాను. వారు చెడ్డవారు కారు. ప్రభువు మాట వినడానికి వచ్చినవారే. అయినా రోగికి అడ్డం వారే. కొంచెం జరిగి ఉంటే కప్పు విప్పే పని ఉండేది కాదు.

మన సంఘంలో ఉపాధ్యాయులున్నారు, లెక్చరర్లున్నారు, కళాశాలల్లో చదువుతున్న యువజనులున్నారు. లెక్చరర్లు తమ కళాశాల సమావేశంలో ఈ మాట ఒకసారి ఎత్తాలి. యువజనులు శనివారం సాయంత్రం రెండు గంటలు ఇటువంటి ఒక్కరితో కూర్చోవాలి. దానికి ఎవరి ఆమోదమూ అక్కర్లేదు.

మొదట చెప్పిన అమ్మాయి మూడు నెలలకు రావలసినది, అయిదు నెలలకు వచ్చింది. ఆరు కిలోలు బరువు పెరిగింది. మాత్రలు తప్పడంతో ఫిట్స్ రెండుసార్లు వచ్చాయి. నేను పలకరిస్తే తల్లి వైపు చూసింది. సంచి ఏమైందమ్మా అని అడిగాను. "ఇంట్లో మేకుకు తగిలిచ్చినాము. దాన్ని ఎవరినీ ముట్టనీదు" అంది తల్లి.

నాకు ఇప్పటికీ ఆ ప్రశ్నకు పూర్తి జవాబు లేదు. అయితే ఆ రోజు మందుల చీటీతో పాటు ఓపెన్ స్కూల్ దరఖాస్తు కూడా ఇచ్చి పంపాను. మన నర్సింగు పిల్లలు ఇద్దరు వారానికి ఒకసారి ఫోనులో ఆమెతో పాఠం చదివిస్తున్నారు. ఇది చాలా చిన్న పని, కళాశాలకు సాటి రాదు. వచ్చే జూన్‌లో ఆ సంచిని మేకు మీద నుండి దించే అవకాశం ఆమెకు దొరకాలని ప్రార్థించండి. ప్రార్థించి లేచాక, మీకు తెలిసిన కళాశాల వాకిటకు వెళ్లి అడగండి కూడా.

ప్రభువు కృప మీ అందరికీ తోడై ఉండును గాక.